గాలిమరల సభలో పీత ప్రసంగం

ఆ ఏడు అడవిలో చెరువులు అడుగంటాయి. సముద్రంలో గాలిమరలు నిలబెడితే, ఆ కరెంటుతో మోటార్లు తిప్పి కొండ అవతలి ఏటి నీళ్లు తోడుకోవచ్చని తెలిసి రాజుగారు సింహం తెగ సంబరపడిపోయాడు. అయినా న్యాయం తెలిసిన రాజు. ముందు సముద్రం ఒడ్డున సభ పెట్టమన్నాడు. మాట్లాడేవాళ్లను మధ్యలో ఆపకూడదు, వచ్చినవాళ్లందరూ చెప్పేదాకా అధికారి పీట దిగకూడదు, మరల వల్ల ఎవరి బతుకైనా చెడితే చోటు మార్చాలి. ఇవన్నీ ఆజ్ఞగా రాయించి, నక్కను అధికారిగా వేసి దాని చేతిలో పెట్టాడు. పని తొందరగా ముగిస్తే మంత్రి పదవి ఇస్తానని కూడా అన్నాడు.

నక్క అప్పటికే చోటు ఖాయం చేసేసింది. ఒడ్డుకు దగ్గర, పునాది రాళ్లు మోసే శ్రమ తక్కువ. కానీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకెక్కే దారి సరిగ్గా అదే. పెద్ద తాబేలు పైడమ్మ కడుపునిండా గుడ్లతో ఆ వారమే రావాలి. తను పుట్టిన ఆ ఇసుక తప్ప ఆమెకు వేరే ఒడ్డు తెలియదు.

సభకు ముందురోజు పొద్దున నక్క వచ్చి చూసింది. అది పాటు వేళ, నీళ్లు ఎక్కడో దూరాన ఉన్నాయి. అడవి చెరువుల్లో నీళ్లు వెనక్కి తగ్గితే మళ్లీ వానలదాకా రావు. సముద్రమూ అంతే అనుకుంది మన నక్క. తడి ఇసుక మధ్య ఒక బండ మీద పీట వేయించి, సభ ఒడ్డునే పెట్టామని, చెప్పుకునేవాళ్లు వచ్చి చెప్పుకోవచ్చని కాకితో చాటించింది. అంత దూరం బురదలో ఏ చేప నడిచొస్తుంది?

మర్నాడు పొద్దెక్కాక సభ మొదలైంది. ఎగువ ఇసుక మీద జింకలు, అడవిపందులు దాహంతో కూచున్నాయి. సముద్రం తరఫున వచ్చింది ఒక్క పీత, పేరు గురువులు.

"నాలుగు ముక్కలు సెప్పి ఎలిపోతాను బాబూ," అన్నాడు గురువులు.

నాలుగే కదా అని నక్క సరేనంది. గురువులు తాతగారి బొరియతో మొదలెట్టాడు. అది ఏ దిక్కుకు ఉండేదో, దాని పక్కన ఎవరుండేవారో, నాయనమ్మ కాలు ఎలా విరిగిందో, ఆ విరిగిన కాలు మళ్లీ ఎలా మొలిచిందో తీరిగ్గా చెప్పుకొచ్చాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నక్కకు ఒళ్లు మండిపోయింది.

"నేరుగా చెప్పలేవా?"

"పీతను బాబూ. నడకే అడ్డం, మాట నేరుగా ఎలా ఒస్తాది?"

జింకలు పకపకా నవ్వాయి. ఆజ్ఞ గుర్తొచ్చి నక్క నోరు మూసుకుంది. అంతలో తోక తడిసింది. తిరిగి చూస్తే బండ చుట్టూ నురగ.

"సముద్రం ఎందుకు కదులుతోంది?"

"పోటు బాబూ. రోజూ రెండుసార్లు ఒస్తాది. ఈయాల పున్నమి గదా, కాస్త గట్టిగా ఒస్తాది. నాకింకా రెండు ముక్కలున్నాయి."

ఆ రెండు ముక్కలూ అయ్యేసరికి నీళ్లు పీట దాకా వచ్చాయి. నీళ్లతోపాటు చేపలు, రొయ్యలు గుంపులు గుంపులుగా వచ్చాయి. వాళ్ల వెనక పైడమ్మ! ఒడ్డున పందులు లేచి నిలబడ్డాయి. నక్క దిగి పారిపోదామనుకుంది గానీ, ఈత రాదు. దిగితే సభ చెల్లదు, మంత్రి పదవీ ఉండదు.

"మీకు నీళ్లు కావాల, మా పిల్లలకి ఈ ఇసక కావాల," అంది పైడమ్మ. "మరలొద్దని మేమనం. మా దారిలో పెట్టకండి, అంతే. ఉత్తరాన రెండు కోసుల దూరంలో గాలి ఇంతకన్నా జాస్తి. మాలో ఒక్కరమూ అటు ఎల్లం."

చెప్పొద్దూ, ఆ మాటకు నాకే ఈల వెయ్యాలనిపించింది. గాలి ఎక్కువైతే తమకు నీళ్లూ ఎక్కువేనని లెక్క తేలగానే ముసలి పంది ఒడ్డు నుంచే, ఉన్నదున్నట్టు రాసుకోమని గట్టిగా చెప్పింది. మెడలోతు నీళ్లలో, కాగితం నెత్తిన పెట్టుకుని, నక్క ప్రతి అక్షరం రాసుకుంది. చివరి రొయ్య మాట్లాడేదాకా పీట దిగలేదు.

ఆపైన పైడమ్మే దాన్ని వీపు మీద ఎక్కించుకుని ఒడ్డున దింపింది. ఏ దారి మూసేద్దామనుకుందో నక్క ఆ దారినే బతికి బయటపడింది. రాజుగారు ఆ కాగితం చదివి మరల్ని ఉత్తరానికి మార్చాడు, మంత్రి పదవి మాత్రం ఉన్నదున్నట్టు రాయించిన ముసలి పందికి ఇచ్చాడు.

నీతి: ఎవరి మాటా వినకూడదని సభ పెట్టినవాడే చివరికి అందరి మాటా వినాల్సొస్తుంది.