ఓబన్న మూడు కేకలు

అనగా అనగా, మన తాతల తాతలకి కూడా ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, ఒక పెద్ద అడవి అంచున మంచుకోన అనే ఊరుండేది. ఇరవై ఇళ్ళు, అంతే. ఊరి వెనక కొండ, ముందు అడవి, ఆ అడవిలోంచి ఒకే ఒక్క కాలిబాట. ఇది భయపెట్టే కథ, ముందే చెబుతున్నాను. భయమేస్తే పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి గానీ మధ్యలో లేచి వెళ్ళకండి. లేచి వెళ్ళినవాళ్ళకి భయం ఒక్కటే మిగులుతుంది.

ఆ ఊరి చివరింట్లో ఓబన్న అనే రైతు ఉండేవాడు. భార్య సుంకమ్మ, కొడుకు మద్దిలేటి, కోడలు ఎర్రమ్మ, ఉయ్యాల్లో మనవరాలు. ఇల్లంటే అతనికి ప్రాణం. పొలం నుంచి వస్తే తలపాగా చెంగులో రేగుపళ్ళో, సీతాఫలమో ఏదో ఒకటి ఉండాల్సిందే. భార్యకి జ్వరమొస్తే తనే పొయ్యి ముందు కూర్చునేవాడు.

ఊరన్నా అంతే. బాట మీద చెట్టు పడితే గొడ్డలి భుజాన వేసుకుని ముందు బయల్దేరేది ఓబన్నే. దిక్కులేనివాడు పోతే పాడె పట్టేదీ ఓబన్నే. ఏడాదికోసారి ఎడ్లు తోలుకుని అడవి దాటి ఊరందరికీ ఉప్పు తెచ్చేదీ అతనే.

అతనికి ఇంకో అలవాటుంది. మధ్యాహ్నం అన్నానికి కూర్చునే ముందు ఇంటి ముందున్న బండ ఎక్కేవాడు. అడవి వైపు తిరిగి గొంతెత్తి పిలిచేవాడు.

“ఆకలైనవాళ్ళు రండో... విస్తరి వేశాం, రండో...”

కాసేపు ఆగి రెండో కేక. మళ్ళీ ఆగి మూడో కేక. ఆ మూడూ అయ్యాకే అన్నం ముట్టుకునేవాడు. బాటసారులు వచ్చేవారు, సన్యాసులు వచ్చేవారు, గాజులమ్మేవాళ్ళు వచ్చేవారు. వచ్చినవాళ్ళకి మోదుగ విస్తట్లో కొర్రన్నం, ఉలవచారు. కొందరు తిని వెళ్ళేవారు, కొందరు అక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయేవారు. ఆ ఇరవై ఇళ్ళలో సగం అలా లేచినవే.

ఒకసారి సుంకమ్మ విసుక్కుంది. “అన్నం చల్లారిపోతోంది. ఒక్క కేక చాలదా?”

ఓబన్న నవ్వాడు. “మొదటి కేకకి తల తిప్పుతారు. రెండో కేకకి అడుగేస్తారు. మూడోది వేయకపోతే ఆ అడుగు ఎటు పడుతుందో ఏమో.”

మొహమాటపడేవాళ్ళ సంగతి చెబుతున్నాడు కాబోలనుకుంది సుంకమ్మ. నవ్వి ఊరుకుంది.

భాద్రపదంలో వానలు పట్టుకున్నాయి. ఓబన్నకి చలిజ్వరం వచ్చింది, ఏ కషాయానికీ దిగలేదు. తొమ్మిదో రోజున పోయాడు. ఊరు ఊరంతా ఏడ్చింది. దినాల నాడు అందరూ అతని అన్నం గురించే చెప్పుకున్నారు. ఎంత వేడిగా పెట్టేవాడో, ఎంత కొసరి వడ్డించేవాడో. కేకల మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. చావింట కేకలేమిటని అవి ఎప్పుడో ఆగిపోయాయి.

చలికాలం వచ్చింది. ఆ కోనలో చలికాలమంటే మంచు. పొద్దు నడినెత్తికి వచ్చినా, చెయ్యి చాపితే వేళ్ళు కనపడవు.

మొదట ఊళ్ళోని తిరుపాలు పోయాడు. కట్టెలకని అడవిలోకి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. గొడ్డలి ఒక్కటే దొరికింది. తరవాత కోనకి వస్తున్న గాజులమ్మే అవ్వ పోయింది. బాట పక్కన పగిలిన గాజులు కనపడ్డాయి. ఆ తరవాత ఒక సన్యాసి. ఆయన కమండలం చుట్టూ బురదలో పులి అడుగులు, ఒక్కొక్కటీ జొన్నరొట్టె అంత.

ఊరికి పై ప్రాణాలు పైనే పోయాయి. పెద్దమనిషి లింగప్ప అందర్నీ పిలిచి చెప్పాడు. “ఇకమీదట చప్పుడు చెయ్యొద్దు. రోళ్ళు దంచొద్దు. పిల్లల్ని ఏడవనివ్వొద్దు. ఊరుందని పులికి తెలియకూడదు.”

అందరూ తలలూపారు. పట్టపగలు తలుపులు మూసుకుని, గుసగుసలతో బతికారు. పిల్లలు ఏడిస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టారు. మీలో వాగుడుకాయలు ఇద్దరున్నారు కదా, ఆ ఊళ్ళో అయితే వాళ్ళ సంగతి ఏమయ్యేదో ఆలోచించుకోండి.

పుష్యమాసానికి ఉప్పు నిండుకుంది. ఎవరూ కదలలేదు. చివరికి మద్దిలేటి లేచాడు. “మా నాన్న ఉంటే వెళ్ళేవాడు. నేను వెళతాను.” ఎనిమిదిమంది అతని వెంట నడిచారు. పన్నెండు ఎడ్లు తోలుకుని వెళ్ళారు. ఆరో రోజు మధ్యాహ్నానికి రావాలి.

ఆరో రోజు వచ్చింది. అంత మంచు ఆ ఏడు మళ్ళీ పడలేదు. మధ్యాహ్నమైంది, ఎవరూ రాలేదు. ఎర్రమ్మ బిడ్డని ఒళ్ళో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. సుంకమ్మ తలుపు సందులోంచి తెల్లటి మంచులోకి చూస్తూ నిలబడింది. ఆకలితో ఉన్న కొడుకు ఎక్కడో ఉన్నాడు. ఇంట్లో అన్నం ఉంది.

ఆమె గడియ తీసింది.

“వద్దత్తా,” అంది ఎర్రమ్మ గుసగుసగా. “పొద్దున వాగు దగ్గర అడుగులు చూశారట.”

సుంకమ్మ బయటికొచ్చి బండెక్కింది. నాలుగు నెలలుగా గొంతు పెంచని మనిషి, మొదటి కేక సగం గొంతులోనే ఉండిపోయింది.

“ఆకలైనవాళ్ళు రండో...”

పక్కింటి తలుపు వెనక నుంచి లింగప్ప బతిమాలాడు. “వదినా, లోపలికి పో. నీకు దణ్ణం పెడతా, మమ్మల్ని చంపకు.”

ఆమె ఆగింది. మంచులోంచి ఏ జవాబూ లేదు. గుండె చిక్కబట్టుకుని రెండో కేక వేసింది. ఈసారి గొంతు కాస్త పెగిలింది.

మంచు కదిలింది. ఎవరో వస్తున్నారు. మెత్తగా, తొందర లేకుండా వస్తున్నారు. సుంకమ్మ ముఖం ఒక్క క్షణం వెలిగింది. తరవాత ఆమెకి రెండు పచ్చటి కళ్ళు కనపడ్డాయి.

పులి వచ్చి వాకిట్లో కూర్చుంది.

“ఆకలైనవాళ్ళని పిలిచావు,” అంది పులి. “వచ్చాను.”

సుంకమ్మ బండ మీదే ఒకడుగు వెనక్కి వేసింది.

“భయపడకు ముసలమ్మా. నీతో ఒక బేరం. లోపల నీ కోడలుంది, ఉయ్యాల్లో పసిబిడ్డ ఉంది. ఆ బిడ్డ పాలవాసన ఇక్కడికి వస్తోంది. మీ ముగ్గుర్నీ వదిలేస్తాను. నువ్వు మూడో కేక వేయకుండా లోపలికెళ్ళి తలుపేసుకో. అంతే.”

సుంకమ్మ బండ దిగింది. నిజం చెబుతున్నాను, దిగింది. ఎవరైనా దిగుతారు. గడప మీద ఒక కాలు పెట్టింది కూడా. అప్పుడు ఆమెకి అనుమానం వచ్చింది. ఆకలితో ఉన్న పులి. ఎదురుగా పరిగెత్తలేని ముసలిది. మరి దీనికి బేరమెందుకు?

వెనక్కి తిరిగింది. “నా కేక నిన్నేం చేస్తుంది?”

పులికి గర్వం ఎక్కువ. గర్వం ఉన్నవాళ్ళు అడిగితే చెప్పకుండా ఉండలేరు. “ఈ అడవిలో నేను కొత్తగా రాలేదు. నీ మొగుడు పుట్టకముందు నుంచీ ఉన్నాను. మంచులో దారి తప్పినవాడు నా సొత్తు. కానీ నోటిదాకా వచ్చినవాణ్ణి రోజూ మధ్యాహ్నం ఆ కేక లాక్కుపోయేది. మీ ఆయన పోయాడు, మీరు నోళ్ళు మూసుకున్నారు, నా కడుపు నిండింది. ఇవాళ తొమ్మిదిమంది మనుషులు లోయ అంచున తిరిగిన చోటే తిరుగుతున్నారు. ఉప్పు వాసన కూడా వేస్తున్నారు. నీ మీద దూకితే నీ చావుకేకే వాళ్ళకి మూడో కేక అవుతుంది. నువ్వు ఊరుకుంటే చాలు.”

మొదటి కేకకి తల తిప్పుతారు. రెండో కేకకి అడుగేస్తారు. ఆ మాటకి అర్థం సుంకమ్మకి అప్పుడు తెలిసింది. తను ఇప్పటికే రెండు కేకలు వేసింది. తన కొడుకు ఒక కాలు ఎత్తి లోయ అంచున నిలబడి ఉన్నాడు.

ఆమె తలుపు బయటినుంచి దగ్గరికి లాగింది. “ఎర్రమ్మా, గడియ పెట్టుకో. నేను తియ్యమన్నా తియ్యకు.”

లోపల గడియ పడిన చప్పుడు వినపడేదాకా ఆగింది. మళ్ళీ బండెక్కింది. చచ్చిపోతానని ఆమెకి తెలుసు, ఒళ్ళంతా వణుకుతోంది. అయినా గొంతు మాత్రం వణకలేదు.

“ఆకలైనవాళ్ళు రండో... విస్తరి వేశాం, రండో...”

పులి నడుము వంచి దూకబోయింది.

సరిగ్గా అప్పుడు పక్కింటి తలుపు తెరుచుకుంది. లింగప్ప గడప దాటి బయటికొచ్చాడు. తలుపు వెనక నుంచి అంతా విన్నాడు. ముప్పై ఏళ్ళ కిందట మంచులో ఏడుస్తూ తిరిగిన తనని ఈ బండ దగ్గరికి తెచ్చింది ఏమిటో అతనికి గుర్తొచ్చింది. పళ్ళు టకటక కొట్టుకుంటుండగానే అతనూ అరిచాడు.

“రండో... విస్తరి వేశాం, రండో...”

మూడో ఇంటి తలుపు తెరుచుకుంది. తరవాత నాలుగోది. ఇన్నాళ్ళుగా మూసుకున్న నోళ్ళన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఇరవై గడపల నుంచి కేకలు. పులి ఇటు తిరిగింది, అటు తిరిగింది, ఎవరి మీద పడాలో దానికి తోచలేదు. అంతలో మంచులోంచి ఎడ్ల గంటలు వినపడ్డాయి, కర్రలు నేలకి తాటించిన చప్పుడూ వినపడింది. పులి తోక ముడుచుకుని వచ్చినదారిన పోయింది. తరవాత దాని సంగతేమైందో నాకు తెలియదు, నేను వెళ్ళి చూడలేదు.

తొమ్మిదిమందీ వచ్చారు, పన్నెండు ఎడ్లూ వచ్చాయి. మద్దిలేటి తల్లిని పట్టుకుని పసివాడిలా ఏడ్చాడు.

“నాన్న కేక విన్నామమ్మా. మొదటిది విని ఆగాం. రెండోది విని ఇటు తిరిగాం. తరవాత ఏమీ వినపడలేదు. నాన్న లేడు కదా, అది మా భ్రమే అనుకుని ముందుకు అడుగెయ్యబోయాను. అప్పుడు మూడోది వినపడింది. చూస్తే కాలికింద నేల లేదు.”

ఆ మధ్యాహ్నం వాకిట్లోనే ఊరంతా కూర్చుని తిన్నారు. లింగప్ప విస్తరి ముందు తల వంచుకుని చాలాసేపు ముద్ద ఎత్తలేదు. “ఓబన్న పెట్టిన అన్నం గుర్తుంచుకున్నాం, ఆ అన్నం దగ్గరికి తెచ్చిన పిలుపు మరిచిపోయాం. పోయిన ఆ ముగ్గుర్నీ పులికి అప్పగించింది ఆ మరుపే. ఇవాళ ఈ తొమ్మిదిమందినీ అప్పగించబోయింది మన భయమే,” అన్నాడు.

పులి ఇప్పటికీ ఆ అడవిలోనే ఉందంటారు. మంచూ అలాగే పడుతుంది. అక్కడివాళ్ళకి ఇప్పటికీ భయమేస్తుంది. అయినా మధ్యాహ్నం అన్నం ముందు ప్రతి ఇంటి నుంచీ ఆగి ఆగి మూడు కేకలు లేస్తాయి.

పోయిన మంచివాణ్ణి నిజంగా గుర్తుపెట్టుకున్నవాడు, ఎంత భయమేసినా అతని పని ఆగనివ్వడు.