వార్డులో అందరికీ పద్దెనిమిదే

భానుమూర్తి గారిని ప్రశ్న అడగాలంటే జూనియర్ డాక్టర్లు జంకేవారు. ఆయన కసురుకుంటారని కాదు, జవాబు చెప్పరని. అడిగినవాళ్ళ ముఖంలోకి కాసేపు చూసి, "సరే" అని తన పనిలో పడిపోతారు. ఏ వారానికో ఏ వార్డులోనో ఒక పని పురమాయిస్తారు. ఆ పని చేస్తుండగా జవాబు ఎదురైతే ఎదురైనట్టు, లేకపోతే లేదు. రేవు పట్టణంలోని ఆ పెద్దాసుపత్రిలో ముప్ఫై ఏళ్ళుగా మెడిసిన్ చెబుతున్న మనిషికి ఇదేం పద్ధతని వెనకాల గొణుక్కునేవాళ్ళు చాలామందే ఉండేవారు. డ్యూటీ డాక్టర్ కెజియా వాళ్ళలో ఒకతె.

ఆమె అడిగిన ప్రశ్న మాత్రం సూటిగానే ఉంది. "సార్, పీజీ సీటు రావాలంటే రీసెర్చ్ ఎంతవరకు పనికొస్తుంది?"

అలా అడగడానికి కారణముంది. దక్షిణాదిన పేరున్న ఒక వైద్యసంస్థ ఏడాదికి ఇద్దరంటే ఇద్దరినే జనరల్ మెడిసిన్‌లోకి తీసుకుంటుంది. రాతపరీక్ష గట్టెక్కినవాళ్ళను ఇంటర్వ్యూకి పిలిచి, అంతవరకు ఏం పరిశోధన చేశారో చూసి దానికీ మార్కులు వేస్తుంది. కెజియా రెండుసార్లు రాతపరీక్షలోనే పోయి, మూడోసారికి ఇంటర్వ్యూ దాకా వచ్చింది. అక్కడ నాలుగోసారి రాయనివ్వరు. పోతే పోయినట్టే.

చేతిలో ఒక పేపరుంది. ఎనిమిది నెలలపాటు రికార్డు రూములో దుమ్ము మింగుతూ, న్యుమోనియాతో చేరిన మూడువందల నలభై మంది కేసు షీట్లు తిరగేసి, మొదటిరోజు ఏ లక్షణాన్ని బట్టి మనిషి తేరుకుంటాడో లేదో చెప్పవచ్చునని లెక్కలు కట్టింది. అందులో ఒక విచిత్రం తేలింది. రోగి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడన్నదానికీ, అతను బతకడానికీ ఏ సంబంధమూ లేదు. పాఠ్యపుస్తకాలన్నీ ఉందనే చెబుతాయి. పుస్తకాలనే కాదన్న పేపరు కనక ఇంటర్వ్యూలో నిలబడుతుందని కెజియా లోలోపల మురిసిపోయింది. గైడుగా భానుమూర్తి గారు సంతకం పెడితే చాలు, ఫారంతోపాటు పంపేయవచ్చు. దానికి పదకొండు రోజుల గడువుంది.

ఆమె ప్రశ్నకు ఆయన "సరే" అన్నారు. పేపరు తీసుకుని చదివారు. మూడో పేజీలోని పట్టిక దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. తర్వాత దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశారు.

ఆ తాళం చప్పుడు కెజియా చెవిలోంచి పోలేదు. రెండోరోజు అడిగితే "చూస్తున్నానమ్మా" అన్నారు. నాలుగోరోజూ అదే మాట. ఐదోరోజు ఆమె తన తోటి డ్యూటీ డాక్టరు కిరీటి దగ్గర మొరపెట్టుకుంది. కిరీటి పేరు మీద అప్పటికే నాలుగు పేపర్లున్నాయి. వాటిలో అతను చదివినవి ఎన్నో మాత్రం ఎవరికీ తెలియదు. "నీకింకా అర్థం కాలేదా? ఆయన మేనకోడలు కూడా పీజీకి రాస్తోందట. ఎందుకు తాళం వేశాడంటావ్?" అన్నాడతను. అంతే, ఇక కెజియాకు ఆయన ఏం చేసినా వంకరగానే కనపడసాగింది. ఫోన్‌లో గొంతు తగ్గిస్తే మేనకోడలితోనే. గది తలుపు వేసుకుంటే తన పేపరు ఎత్తి రాయడానికే. రౌండ్స్‌లో మిగతావాళ్ళను నాలుగు ప్రశ్నలడిగి తనను ఒక్కటి కూడా అడగలేదంటే, మొహం చూడలేకనే. ఆ మేనకోడలు చదువుతున్నది పశువైద్యమని చాలాకాలం తర్వాతగానీ తెలియలేదు. అనుమానానికి అంత తీరికెక్కడిది? ఒక పూట ఆయన గదిలో లేనప్పుడు ఆమె ఆ సొరుగు లాగి చూసింది కూడా. అది రాలేదు. సిగ్గేసింది, దానికంటే ఎక్కువగా కోపం వచ్చింది.

పదోరోజు పొద్దున రౌండ్స్ ముగిశాక భానుమూర్తి గారు ఆమెను మగవాళ్ళ వార్డులోకి తీసుకెళ్ళారు. పదకొండో మంచం మీద అప్పలస్వామి అనే హమాలీ రెండు దిళ్ళకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఓడరేవులో బస్తాలు మోసేవాడు. జ్వరం, దగ్గుతో ముందురోజు సాయంత్రం చేరాడు. ఆయన తన చేతిగడియారం విప్పి కెజియాకు ఇచ్చి, ఒక స్టూలు ముందుకు జరిపారు. "నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకో. కళ్ళు మాత్రం ఛాతీ మీద పెట్టు. లెక్కపెడుతున్నావని తెలిస్తే మనిషి ఊపిరి మార్చేస్తాడు. నిమిషం నిండేదాకా లేవకు."

హౌస్ సర్జన్లకు మొదటి వారం చెప్పే పాఠమిది. అందరిముందూ తనను చిన్నబుచ్చడానికే ఈ నాటకమని కెజియాకు ఒళ్ళు మండింది. పళ్ళ బిగువున కూర్చుంది. పదిహేను సెకన్లకే ఎనిమిది దాటింది. ఎక్కడో తప్పాననుకుంది. నిమిషం నిండేసరికి ముప్ఫై నాలుగు. మామూలు మనిషికి ఇరవై దాటకూడదు. ఆమె వేలితో పెదవి తుడుచుకుని పైకి చూసింది. భానుమూర్తి గారు అప్పటికే సిస్టర్‌ను పిలిచి ఆక్సిజన్ పెట్టమంటున్నారు. అలా చెబుతూనే కేసు షీటు కెజియా ముందుకు చాచారు. ఆ పొద్దున ఏడింటికి రాసిన వరుసలో నాడి తొంభై ఆరు, శ్వాస పద్దెనిమిది అని ఉంది. దాని కింద ఉన్నది ఆమె సంతకమే.

"పొద్దున బాగానే ఉన్నాడు సార్," అని ఆమె నీళ్ళు నమిలింది.

ఆ మాటకు జవాబు అప్పలస్వామే ఇచ్చాడు. "పొద్దున్నుంచీ సెప్తన్నాను కదమ్మా, ఊపిరి సాలట్లేదని. వేలికి ఆ మిసను పెట్టి, బాగుందనేసి ఎల్లిపోనారు." అతని గొంతులో నిష్ఠూరం లేదు, ఆయాసమే ఉంది. భానుమూర్తి గారు జేబులోంచి సొరుగు తాళంచెవి తీసి, ఆమె చేతిలో ఉన్న గడియారం తీసుకుని, దాని చోట ఇది పెట్టి వెళ్ళిపోయారు.

ఆ ఆసుపత్రిలోనే కాదు, ఆ చదువు చదివినవాళ్ళందరికీ తెలిసిన రహస్యమిది. నాడి చూస్తారు, రక్తపోటు చూస్తారు, జ్వరం చూస్తారు. ఊపిరి లెక్కపెట్టడానికి మాత్రం నిమిషంపాటు ఊరికే కూర్చోవాలి, ఆ నిమిషం ఎవరికీ దొరకదు. పద్దెనిమిది అని రాస్తే ఎవరూ అడగరు. ముందు రాసినవాళ్ళు అలాగే రాశారు కాబట్టి తర్వాతివాళ్ళూ అలాగే రాస్తారు. కెజియా కూడా రాసింది, రాస్తున్నానన్న స్పృహ కూడా లేకుండా.

ఆ మధ్యాహ్నం ఆమె సొరుగు తెరిచి, పేపరు పట్టుకుని రికార్డు రూముకు పోయి కట్టలు మళ్ళీ విప్పింది. మూడువందల నలభై మందిలో రెండువందల తొంభై ఆరుగురు నిమిషానికి సరిగ్గా పద్దెనిమిదిసార్లు ఊపిరి తీశారు. మిగతావాళ్ళలో దాదాపు అందరూ ఇరవైసార్లు. బతికినవాళ్ళూ పద్దెనిమిదే, పోయినవాళ్ళూ పద్దెనిమిదే. మరి సంబంధం ఎలా తేలుతుంది? ఒకతను పొద్దున ఏడింటికి చనిపోయాడు, ఆరున్నరకు అతని శ్వాస పద్దెనిమిది అని రాసి ఉంది. ఆమె గబగబా కింద సంతకం ఎవరిదో చూసింది. తనది కాదు. హమ్మయ్య అనుకుంది. అనుకున్న మరుక్షణమే తన మీద తనకే అసహ్యం వేసింది. తను రాసినవి వేరే నలభై ఏడు ఉన్నాయి. ఎనిమిది నెలలు కూర్చుని కట్టింది కాకిలెక్కలు, ఆ కాకుల్లో తనూ ఒకతె. రోగి ఊపిరి లెక్కపెట్టడం వల్ల ప్రయోజనం లేదని ఆ పేపరు చివరి వాక్యం. దాన్ని నమ్మి ఎవరైనా మానేస్తే?

మర్నాడు గడువు. ఆమె ఫారంలో పరిశోధన అన్న గడిని ఖాళీగా వదిలి పంపింది. ఆ సాయంత్రం నుంచి ఇంటర్వ్యూకి బయల్దేరేదాకా, న్యుమోనియాతో చేరిన ప్రతి మనిషి పక్కనా స్టూలు వేసుకుని నిమిషం కూర్చుంది. నలభై ఒక్కమంది అయ్యారు. ఇంటర్వ్యూలో ఒక పెద్దావిడ ఫారం అటూ ఇటూ తిప్పి, "పరిశోధన ఏమీ చెయ్యలేదా అమ్మా?" అని అడిగింది. "మూడువందల నలభై మందితో ఒకటి చేశాను మేడమ్. అందులో అంకెలు రోగులవి కావు, మావి. అందుకని పంపలేదు," అంది కెజియా. నలభై ఒక్కమంది సంగతీ చెప్పింది. వాళ్ళతో ఏం తేలిందని ఆవిడ అడిగితే, ఇంత కొద్దిమందితో ఏదీ తేల్చలేనంది. ఆవిడ తలూపి ఏదో రాసుకుంది. జాబితాలో కెజియా పేరు మూడోది. రెండో పేరుకూ ఆమెకూ ఒకటిన్నర మార్కు తేడా. ఆ ఖాళీ గడికి ఐదు మార్కులు.

తిరిగొచ్చి ఆమె నేరుగా భానుమూర్తి గారి గదికి పోయింది. ఏడ్చి వచ్చిన ముఖమని తెలుస్తూనే ఉంది. ఆయన కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఆ పేపరు పంపి ఉంటే వచ్చేది సార్."

"వచ్చేది."

ఆయన అంత తేలిగ్గా ఒప్పుకోవడంతో, ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఆమె కక్కేసింది. పదిరోజులు ఆయన్నే అనుమానించానని చెప్పింది. మేనకోడలి సంగతి చెప్పింది, సొరుగు లాగిన సంగతి చెప్పింది. చివరికి, చెప్పాలనుకుని రాని మాట కూడా చెప్పేసింది. "ఆ కేసు షీట్లన్నీ మన యూనిట్‌వే సార్. రౌండ్స్ అయ్యాక ప్రతిదాని కిందా మీ సంతకం ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఉంది."

భానుమూర్తి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఉంది," అన్నారు. "నువ్వు అనుమానించింది సరైన మనిషినేనమ్మా. రికార్డు రూములో మొదటి కేసు షీటు విప్పినరోజే నా సంతకాన్ని అనుమానించి ఉంటే, ఆ ఎనిమిది నెలలూ పోయేవి కావు."