గంజి తాగిన కారు

మా గవ్వలపాడు జమీందారు రామభద్రరాజు గారి పాత కారు హారన్ కొడితే ఏడూళ్ళ కోళ్ళు ఉలిక్కిపడి గుడ్లు పెట్టేవి. ఏరుకున్నవాణ్ణి కనుక చెబుతున్నాను! అంతటి కారుకి, పెట్రోలు దండగని రాజుగారు గ్యాసు పెట్టించారు. సిలిండరు డిక్కీ నిండా కూర్చుంది. సామాన్లన్నీ మా ఒళ్ళోకొచ్చాయి.

ఆ ఏడు కొండమీది గుడి జాతరనాడు కారు సగం కొండెక్కి ఆగిపోయింది. నేను ఒంటిచేత్తో తోసినా కదల్లేదంటే చూసుకోండి!

"తోలడం మరిచావురా సన్నయ్యా! రేపట్నుంచి పనిలోకి రాకు," అని డ్రైవరు మీద విరుచుకుపడి, రాజుగారు కాలినడకన బయల్దేరారు. నాలుగు మలుపులకే చతికిలబడ్డారు.

"ఏమైంది దొరా?" అన్నాడు వెనకే వచ్చిన సన్నయ్య.

"మొక్కు కదరా! పొద్దుట్నుంచీ గంజే. కాళ్ళు లేవట్లేదు."

"తప్పు కాళ్ళదా, గంజిదా?"

"గంజిదే!"

"మరి కారు గ్యాసు తాగి ఆగిపోతే, తప్పు నా చేతులదెలా అయింది దొరా?"

రాజుగారు సన్నయ్య భుజం పట్టుకుని లేచారు. సన్నయ్య కొలువు నిలిచింది. మర్నాడే పెట్రోలు పోయించారు. కానీ ఆ గ్యాసు వేడికి పాత ఇంజను వాల్వులు అప్పటికే మాడిపోయాయి; కారు మళ్ళీ కదల్లేదు.

ఇప్పటికీ సన్నయ్య రోజూ కారు తుడిచి, బ్యాటరీ చచ్చి మూగబోయిన హారన్‌ని ఆశగా నొక్కుతాడు. కోళ్ళు ఆ కారు కిందే పొదుగుతున్నాయి. ఒక్కటీ ఉలిక్కిపడదు.