ఇరవైకి అయిదు తక్కువ

“ఎడోగున్! ఎడోగున్ పెండలం దుంపలు! రండమ్మా రండి!”

వీధి చివర ఆ కేక వినగానే అయాన్‌తుండె గుండె గుభేలుమంది. అది అత్తగారి గొంతు! చంకలో డోలుతో పరుగెత్తేసరికే భటులు ఆవిడను పట్టుకుపోయారు.

నేరమేమిటంటారా? ఇది యొరుబా దేశంలో, ఒకానొక రాజ్యంలో మాట లెండి. అక్కడ ఎడోగున్ అంటే పదిహేను. విడదీస్తే “ఇరవైకి అయిదు తక్కువ” అని. పెద్ద కుప్ప అనుకుని అందులోంచి తీసేయడం వాళ్ళ లెక్క మరి! ఎవరో పండితుడు ఈ సంగతి రాజు అదెగ్బోలా చెవిన వేశాడు.

“నా రాజ్యంలో తక్కువా!” అని రాజు గంతేసి చాటింపు వేయించాడు. “ఆ మాటన్నవాళ్ళకు దుంపల పండుగ విందు లేదు. మర్నాడు దేశంలోనే చోటు లేదు!”

అప్పటికే నలుగురు ఖైదులో ఉన్నారు. అత్తగారితో అయిదుగురు.

“మా అమ్మ లేకుండా గుమ్మం తొక్కావో, చూసుకో!” అంది పెళ్ళాం.

పాపం అయాన్‌తుండె ఆస్థానంలో డోలు వాయిస్తాడు, విందు ఏర్పాట్లూ చూస్తాడు. పండుగనాడు రాజు, సామంతులు కలిసి పదిహేనుమంది కూర్చున్నారు. దంచిన పెండలం ముద్దలు, బెండకాయ పులుసు ఘుమఘుమలాడుతున్నాయి.

“ఒరేయ్, అయిదు పీటలు ఖాళీ ఏమిట్రా?” అన్నాడు రాజు.

“ఎందరొస్తారో తమరు సెలవియ్యలేదు ప్రభూ. ఇరవై వేశాను.”

“కళ్ళు లేవా? వచ్చింది ఎడోగున్…”

రాజు నాలుక కరుచుకున్నాడు. ఒక సామంతుడి చేతిలో ముద్ద గాలిలోనే ఆగిపోయింది. భటులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“తమరికి పులుసు లేదు ప్రభూ,” అన్నాడు అయాన్‌తుండె వినయంగా. “రేపు పొలిమేర దాకా డోలు వాయిస్తూ నేనే సాగనంపుతాను.”

రాజు పులుసు వంక దిగులుగా చూశాడు. “దారి చెప్పరా నాయనా!”

“తక్కువైన అయిదుగురూ తమరి ఖైదులోనే ఉన్నారు. వచ్చి కూర్చుంటే ఇరవై. కొరతే తీరాక ఇక నేరమెక్కడిది?”

కిరీటానికి వేలాడే పూసలు గలగలమనేలా నవ్వాడు రాజు. చాటింపు రద్దు చేసి, మెడలోని పగడాల దండ తీసి అయాన్‌తుండె మెడలో వేశాడు.

అత్తగారు వస్తూనే, “అల్లుడూ, నా దుంపలేవోయ్?” అంది.

“మా ఆకుల్లో ఉన్నాయి, కూర్చోవమ్మా,” అన్నాడు రాజు. “నువ్వూ రారా, నిలబడ్డావేం?”

“పీటలు ఇరవయ్యే ప్రభూ. నాతో ఒకటి ఎక్కువ.”

“ఎక్కువంటే నాకేం కోపంరా! జరగండయ్యా, జరగండి!”

అందరూ జరిగారు. అతనూ కూర్చున్నాక మొదటి ముద్ద పులుసులో మునిగింది.