మాటబండ మీద పగిలిన కుండ

శుభకృత్ నామ సంవత్సరం, ఆశ్వయుజ శుద్ధ పంచమి, గురువారం. పొద్దున చుర్రుమనే ఎండ, మధ్యాహ్నం ఆకు కదలని ఉక్క, సాయంత్రానికి జోరువాన. నీతి కథకు తిథివారాలు ఎందుకంటారా? ఆనాటి ఎండకూ వానకూ ఇందులో పని ఉంది పిల్లలూ.

అనగనగా గవ్వలపురి అనే రేవు పట్టణం. అక్కడి సంత నడుమ ఒక నల్లని రాతిబండ. దాని పేరు మాటబండ. మీరిప్పుడు ఫోను ముందు కూర్చుని లోకంతో మాట్లాడుతున్నారు కదా, అప్పట్లో ఆ బండెక్కి సంతతో మాట్లాడేవారు. నచ్చితే జనం నిలిచేవారు, లేకపోతే వెళ్లిపోయేవారు. ఆ పద్ధతి మాత్రం ఇప్పటికీ మారలేదు.

నలభై ఏళ్లుగా ఆ బండ భూషయ్యది. ఆయనకు పిల్లల్లేరు. ఉన్న ఆస్తులు మూడు: బండ, కంచుగంట, పెద్ద తాటాకు గొడుగు. ముసలితనం మీదపడ్డాక ఆయన చాటించాడు: "ఈ సంతలో ఎవరి మాటకు జనం చివరిదాకా నిలుస్తారో, నా తర్వాత బండ వారిది."

ముగ్గురు వచ్చారు. పట్టు వర్తకుడు ధనగుప్తుడు, రత్నాంగి అనే మాటలు నేర్చిన చిలుక, కుమ్మరి శింగమ్మ. ఊరి చివర శింగమ్మ అంగడికి ఎవరూ రారు. పైగా పోయిన నెలే కుండలు కాల్చే ఆవంలో నలభై కుండలు పగిలాయి. ఈ బండ దక్కకపోతే ఆమె చక్రం మూలన పడాల్సిందే.

పొద్దున ధనగుప్తుడు ఎక్కాడు. మనిషికో బెల్లం ముక్క ఇచ్చి చప్పట్లు కొట్టించాడు. సంత మారుమోగింది. బెల్లం అయిపోయింది. ఎండ చుర్రుమంది. చప్పట్లవాళ్లు నీడకు పోయారు.

మధ్యాహ్నం చిలుక ఎక్కింది. "ఏడు సముద్రాలు దాటాను! తుఫానులో తెరచాప పట్టుకున్నాను!" అంది, అచ్చం నావికుడి గొంతుతో. అందరూ నోళ్లు తెరిచారు.

ఒక పడవవాడు అడిగాడు: "అమ్మా చిలుకా, తడిసిన తాడు లాగితే అరచేయి ఎలా ఉంటుంది?"

"ఎలా ఉంటుంది? ఎలా ఉంటుంది?" అంది చిలుక.

"నీకు అరచేయే లేదుగా తల్లీ!" అన్నాడతను. జనం నవ్వుకుంటూ చెదిరిపోయారు.

సాయంత్రం శింగమ్మ ఎక్కింది. ఎదుట తొమ్మిదిమందే ఉన్నారు. ఆమె బండ పక్కన దించిన కుండల రాశిలోంచి ఒకటి ఎత్తి వేలితో కొట్టింది. బొంగురుగా పలికింది.

"విన్నారా? ఇది పగుళ్ల కుండ. తప్పు నాదే. 'ఇంకో రెండు రోజులు ఆరనీవే' అంది మా అత్త. సంత దగ్గరపడిందని పచ్చి కుండలే ఆవంలో పెట్టాను."

"పగిలిన కుండలు చూపించి బేరమా? భేష్!" అని ధనగుప్తుడు ఎకసెక్కం చేశాడు.

"నువ్వూరుకోవయ్యా!" అంది వంటల గంగాయి. "నేనూ తొందరపడి పెళ్లివారి పాయసం మాడ్చాను. చెప్పమ్మా, ఆ తర్వాత?"

ఆ పిలుపుకి నలుగురు ఆగారు. వాళ్లను చూసి నలభైమంది చేరారు. అప్పుడే వాన దిగింది. ధనగుప్తుడు పరుగెత్తాడు. చిలుక చూరెక్కింది. శింగమ్మ జనం మాత్రం చేతికందిన పగిలిన కుండలు తలల మీద బోర్లించుకుని అక్కడే నిలబడ్డారు!

"మీ అత్త తిట్టిందా?" అని ఒక కుండ కిందినుంచి ప్రశ్న వచ్చింది.

"లేదు. పెంకులు ఏరి పొడి చేయమంది. ఆ పొడి కొత్త మట్టిలో కలిపితే కుండ గట్టిపడుతుందట. ఇదిగో, కలిపి చేశాను." మరో కుండ ఎత్తి కొట్టింది. ఖంగుమంది. ఆ వానలోనూ సంతంతా వినిపించింది.

భూషయ్య ఛాతీ పొంగింది. "నలభై ఏళ్లలో నాకోసం కూడా ఎవరూ తడవలేదు!" అన్నాడు.

ఆయన కన్నుమూశాక బండ శింగమ్మకు వచ్చింది. జనాన్ని పిలవడానికి పనికొస్తుందని కంచుగంట చిలుకకు ఇచ్చారు ఊరివాళ్లు. తాటాకు గొడుగు వానలో నిలిచిన శ్రోతలకు దక్కింది. ధనగుప్తుడికి ఏమీ రాలేదు. తన బతుకును దాచకుండా తన గొంతుతో చెప్పినవారి దగ్గరే వినేవారు నిలుస్తారు.