ఊరు వచ్చేదాకా కదలొద్దు

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి ఒడ్డున ఒక ఊరు. ఏరు ఇప్పటికీ ఉంది. ఊరే లేదు.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. పొద్దుగూకగానే ప్రతి ఇంటి గడపలో దీపం పెట్టేవాళ్లు. ఏటి మీద పడవవాళ్లు ఆ దీపాలు చూసి రేవు పోల్చుకునేవాళ్లు. దీపం పెట్టని ఇంటికి పిల్లనిచ్చేవాళ్లు కాదట, అంత పట్టింపు!

ఆ చుట్టుపక్కల సంతల్లో సూరన్న అని ఒక ఫోటోలాయన తిరిగేవాడు. పాత సైకిలు, సైకిలు మీద కెమెరా, చుట్టచుట్టిన ఒక తెర. తెర మీద రాజుగారి మేడ, మేడ ముందు నెమలి. పూటకి గతిలేని మనిషి కూడా ఆ తెర ముందు నిలబడితే జమీందారే. సూరన్నకి మాత్రం ఊరూ లేదు, ఇల్లూ లేదు. సంత బండి కింద పుట్టాడు, సంతల్లోనే పెరిగాడు. "మీదే ఊరు?" అని ఎవరైనా అడిగితే తెర చూపించి నవ్వేసేవాడు. నవ్వేవాడే గానీ, ఆ మాట అడిగిన రోజు అన్నం సహించేది కాదు.

ఇలా ఉండగా ఏటికి ఆనకట్ట కట్టారు. వానలు పడితే ఊరు మునిగిపోతుంది. మూడు రోజుల్లో లారీలొస్తాయి, అందరూ కొత్త కాలనీకి పోవాలి. ఊళ్లో పెద్దదైన పోలమ్మ సూరన్నకి కబురు పెట్టింది.

సూరన్న వచ్చి తెర విప్పబోయాడు.

"ఆ మేడ నాకెందుకురా? మా ఊరు ముందు నిలబెట్టి మమ్మల్ని తియ్యి. నా మనవరాలు కడుపుతో ఉంది. రేపు పుట్టేదానికి మన ఊరిదని ఏం చూపించను?" అంది పోలమ్మ.

"అదెంత పని మామ్మా! రేపు పొద్దున్నే తీస్తా."

"పగలు ఏ ఊరైనా ఒకలాగే ఉంటుంది. దీపాలు పెడితేనే అది మా ఊరు."

మొదటి సాయంత్రం. దీపాలు పెట్టి జనమంతా రేవులో నిలబడ్డారు. సూరన్న షట్టరు నొక్కాడు. ఫ్లాషు తళుక్కుమంది. తెల్లారి ఫోటో చూస్తే సున్నం కొట్టినట్టు మొహాలు, వెనక కటిక చీకటి.

"మొహాలు ఎలాగూ మాతోనే వస్తాయి కదరా. ఊరేదీ?" అంది పోలమ్మ.

సూరన్న రోజంతా ఆలోచించాడు. ఫ్లాషు వెలుగు దగ్గరున్న మనిషి దాకానే పోతుంది, రెప్పపాటులో అయిపోతుంది. దీపాల వెలుగు అలా కాదు. దూరం నుంచి నెమ్మదిగా వస్తుంది. అది వచ్చేలోపే షట్టరు మూసేస్తే ఇంక ఊరెక్కడ పడుతుంది?

రెండో సాయంత్రం. ఫ్లాషు మెరిపించి, షట్టరు మూయకుండా అలాగే ఉంచాడు. కానీ మెరుపు మెరిసిందంటే ఫోటో అయిపోయినట్టే అనుకున్నారు జనం. ఒకడు గేదెని కట్టెయ్యడానికి పోయాడు, ఒకామె పొయ్యి మీద కూర చూసుకోవడానికి పరిగెత్తింది. తెల్లారి ఫోటో చూస్తే ఊరొచ్చింది, మనుషులు పొగలా తేలిపోయారు. పోలమ్మ పొట్టలోంచి ఎవరింటి దీపమో కనిపిస్తోంది!

"మునిగిపోక ముందే మమ్మల్ని దెయ్యాల్ని చేశావు కదయ్యా!" అని ఆడవాళ్లు ఏడుపు లంకించుకున్నారు. సూరన్నకి తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున్నే లారీలు. ఇక మిగిలింది ఒక్క సాయంత్రమే.

మూడో సాయంత్రం. సూరన్న అందరికీ వినపడేలా చెప్పాడు.

"మెరుపు మీకు, ఓపిక ఊరికి. మెరిశాక కూడా కదలొద్దు. ఊరు నడిచి రావాలి. 'వచ్చింది' అని నేననేదాకా ఊపిరి కూడా మెల్లగా తియ్యండి."

గుంపు పెద్దది. అందుకని షట్టరు తెరిచిపెట్టి, ఫ్లాషు చేత్తో పట్టుకుని, వెలుగు అందరి మీదా పడేలా ఎడమ చివరికి వెళ్లి మెరిపించాడు. ఎవరూ కదల్లేదు. చంటిపిల్లలు కూడా గుడ్లప్పగించి చూశారు. తిరిగి కెమెరా దగ్గరికి పోవాల్సిన సూరన్న ఒక్క క్షణం ఆగాడు. పక్కన జనం, వెనక దీపాలు. ఆయనకి ఏడుపొచ్చింది. తనూ ఆ ఊరివాడే అయినట్టు ఆ చివర అలాగే నిలబడిపోయాడు. తర్వాత గబగబా పోయి షట్టరు మూశాడు.

"వచ్చింది!" అన్నాడు.

తెల్లారి లారీల పక్కన ఫోటో చూశారు. మొహాలొచ్చాయి, దీపాలొచ్చాయి. ఎడమ చివర మాత్రం మనిషంత పొగ, ఆ పొగలోంచి ఒక దీపం.

"తప్పయిపోయింది మామ్మా. కదలొద్దని చెప్పిన నేనే కదిలాను. మీ ఫోటో పాడుచేశాను," అన్నాడు సూరన్న తల దించుకుని.

పోలమ్మ ఆ పొగని వేలితో తడిమింది.

"పాడెందుకయిందిరా? మాకు ఊరొచ్చింది. నీకూ ఊరొచ్చింది. ఇకమీదట ఎవరైనా అడిగితే మా ఊరి పేరే చెప్పు."

లారీలు పోయాయి. వానలొచ్చాయి. ఊరు మునిగింది. సూరన్న కాలనీలో ఇంటింటికీ ఆ ఫోటో పంచి, మళ్లీ సంతలు పట్టుకు తిరిగాడు. ఎవరడిగినా ఆ మునిగిన ఊరి పేరే చెప్పేవాడు. చాలా ఏళ్లకి ఏదో సంతలో కన్నుమూశాడు. కబురు కాలనీకి చేరింది. దండ వేద్దామంటే ఫోటో లేదు. ఊరందరికీ ఫోటోలు తీసిన మనిషికి తనదంటూ ఒక్కటీ లేదు! అప్పుడు పోలమ్మ మనవరాలు గోడ మీది ఫోటో దించి, ఎడమ చివరి పొగకి బొట్టు పెట్టింది. ఇంటింటా అలాగే పెట్టారు.

ఇప్పటికీ ఆ కాలనీలో పెళ్లికి ఫోటో తీస్తే, ఫ్లాషు మెరిశాక ఎవరూ కదలరు. "అయిపోయిందండీ" అంటాడు బయటినుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు. "నీది అయింది, మా ఊరు రావాలి" అంటారు వాళ్లు. అందరిలోకీ పెద్దామె "వచ్చింది" అన్నాకే కదులుతారు. సెల్‌ఫోను ఫోటోకైనా అంతే.

ఎడమ చివర ఒక మనిషి పట్టేంత చోటు వదిలేస్తారు. కొత్త కోడలు తెలియక అక్కడ నిలబడబోతే, అత్తగారు చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగుతుంది.

"ఇటు రామ్మా. అది సూరన్న చోటు."

ఊరు నీళ్లలోకి, కథ మన నోళ్లలోకి.