దళవాయి ఎద్దులు

రాజుగారి తోటలో మోట తోలడానికి ఎద్దుల జత కావలసి వచ్చింది. చేతకాని జత వస్తే మొక్కలన్నీ మాడిపోతాయని తోటమాలి ఓబులమ్మకు బెంగ.

అమ్మకానికి వచ్చిన రెండు జతల్ని బావి దగ్గర పరీక్షించారు. రైతు మల్లప్ప జత నిదానంగా నీళ్లు తోడింది. సేనాపతి దళవాయిగారి జత రెండింతలు తోడింది.

"పదేళ్లు ఇలాగే లాగుతాయి మహారాజా! మేతంటారా, పిడికెడే!" అన్నాడు దళవాయి.

రాజు తలూపబోయాడు.

"ఈ వేసవంతా ఎవరి ఎద్దుల్ని వాళ్లే మేపుతూ మోట తోలనివ్వండి మహారాజా. తర్వాత కొందురుగాని," అంది ఓబులమ్మ.

"అలాగేనమ్మా," అన్నాడు మల్లప్ప.

దళవాయి నోరు జారాడు. "అమ్మో! వేసవంతా నేనే మేపాలా? ఉన్న గడ్డివాములు ఊడ్చేశాయనేగా అమ్ముతున్నాను!"

అందరూ గొల్లుమన్నారు. రాజుగారు నవ్వాపుకొని తీర్పు చెప్పేలోగా, ఓబులమ్మ మల్లప్ప ఎద్దుల్ని బావి దగ్గరికి తోలుకుపోయింది.